పాత ట్రైలర్‌లో కన్వర్టర్ మార్చిన సంగతి

ఇన్వర్టర్లకి వాడే ట్యూబ్యులర్ బ్యాటరీని సరిగ్గా చూసుకుంటే నాలుగైదేళ్లు వస్తుంది. మా ట్రైలర్‌లో మాత్రం ఏ కంపెనీది పెట్టినా రెండు వేసవులు దాటేది కాదు. ఒంగోలు ట్రంకు రోడ్డులో నాకు ఎప్పుడూ బ్యాటరీలు ఇచ్చే భాయ్ "ఈసారి కంపెనీ మార్చి చూద్దామన్నా" అనేవాడు. మార్చి చూశాం, తేడా ఏమీ రాలేదు. చివరికి బ్యాటరీలని చావగొడుతున్నది మంచం కింద ఉన్న కన్వర్టర్ అని తేలింది. దాన్ని పీకేసి కొత్తది పెట్టాను. ఏం చేశానో, ఎందుకు చేశానో వివరంగా రాస్తున్నాను. రొయ్యల గుంటల మీద షెడ్లలోనో, పడవల్లోనో, బండి మీద కట్టుకున్న గదిలోనో 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకున్నవాళ్లు మన తీరంలో చాలామంది ఉన్నారు. వాళ్లకి పనికొస్తుంది.

ముందు ట్రైలర్ సంగతి. నేను చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. రాత్రి డ్యూటీ సూపర్‌వైజర్లు నడుం వాల్చడానికని మా ఓనరు అప్పట్లో ఇనప చాసీ మీద ఒక గది కట్టించాడు. రెండు చక్రాలు, రెండు మంచాలు, ఒక సింకు, దానికో చిన్న పంపు, లైట్లు, 12 వోల్టుల ఫ్యాన్లు. క్వారీ ఎటు జరిగితే అటు దాన్ని లాక్కెళ్లేవాళ్లం. నేను పని మానేసేటప్పుడు అడిగితే తుక్కు రేటుకే ఇచ్చేశాడు. రంగులేయించి, కిటికీలకి దోమల మెష్ కొట్టించాను. ఇప్పుడది కొంతకాలం కొత్తపట్నం వైపు మా మేనల్లుడి గుంటల గట్టు మీద ఉంటుంది, రాత్రి కాపలాకి వాడు అందులోనే పడుకుంటాడు. పంట పట్టేశాక బొలెరోకి తగిలించుకుని నేనూ మా ఆవిడా భైరవకోన వెళ్తాం, పెంచలకోన వెళ్తాం, లేదంటే మైపాడు పోయి సముద్రం పక్కన రెండ్రోజులు ఉండి వస్తాం.

కన్వర్టర్ చేసే పని చిన్నదే. బయటి నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ డీసీతో ఒక పక్క లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి, ఇంకో పక్క బ్యాటరీ ఛార్జ్ అవుతుంది. బయట కరెంటు లేనప్పుడు భారమంతా బ్యాటరీయే మోస్తుంది. ఇళ్లలో ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 230 తీస్తుంది కదా, ఇది దానికి సరిగ్గా ఉల్టా.

మా పాతది ట్రాన్స్‌ఫార్మర్ రకం. వోల్టేజి తగ్గించే ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు, ఆ డీసీలో ఎగుడుదిగుళ్లు చదును చేసే ఒక పెద్ద కెపాసిటర్, అంతే. వోల్టేజిని అదుపు చేసే సర్క్యూట్ లాంటిదేమీ అందులో లేదు. లోపలికి ఎంతొస్తే దాని నిష్పత్తిలోనే బయటికి పంపిస్తుంది. క్వారీలో సొంత జనరేటర్ మీద నడిచినన్నాళ్లు 230 కాస్త అటూ ఇటూగా నిలకడగా ఉండేది కాబట్టి ఇది నెట్టుకొచ్చింది. గుంటల మీదికి వచ్చాక దాని అసలు గుణం బయటపడింది.

రొయ్యల గుంటల దగ్గర కరెంటు ఎలా ఉంటుందో అక్కడ కాపలా పడుకున్నవాళ్లకి తెలుసు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది కాబట్టి నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తక్కువ నడుస్తాయి. చీకటి పడ్డాక నీళ్లలో ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది, తెల్లవారుజాముకి మరీ తగ్గిపోతుంది. అందుకని రాత్రంతా ఊళ్లో ఉన్న గుంటలన్నిటి మీదా ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి. ఒకే లైను మీద అన్ని మోటార్లు ఒకేసారి లాగితే చివర ఉన్నవాళ్లకి వోల్టేజి ఏం మిగులుతుంది? మా వాడి గుంటలు ఆ లైను చివర్లోనే ఉన్నాయి.

"మామా, రెండు దాటిందంటే చాలు, లైట్లు గుడ్డిగా అయిపోతన్నయ్. ఫ్యాను తిరిగీ తిరగనట్టు ఉంటది" అని వాడు చాలాసార్లు చెప్పాడు. పగలు మా ఆవిడది ఇంకో ఫిర్యాదు. "ఏవండీ, ఈ మంచం కింద కోడిగుడ్డు కుళ్లిన వాసనొస్తోంది, ఎలుకేమన్నా చచ్చిందేమో చూడండి" అంది. ఎలుక లేదు. ఆ వాసన బ్యాటరీది. మితిమీరి ఛార్జ్ అయ్యే లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, వాసన దానిదే.

ఒక రాత్రి అక్కడే ఉండి మల్టీమీటర్ పెట్టి కూర్చున్నాను. ఏరేటర్లన్నీ తిరిగే వేళ ఏసీ 185కి పడింది. కన్వర్టర్ నుంచి వచ్చేది 11.2 వోల్టులు. నిండిన 12 వోల్టుల బ్యాటరీ ఊరికే ఉంటేనే 12.7 చూపిస్తుంది. 11.2 దాన్ని ఛార్జ్ చేయడం కల్ల. ప్లగ్గులో కరెంటు ఉన్నా ట్రైలర్ భారమంతా బ్యాటరీ మీదే పడుతోందన్నమాట. మర్నాడు మధ్యాహ్నం మోటార్లు ఆపేశాక ఏసీ 250 దాకా ఎక్కింది. అప్పుడు కన్వర్టర్ 15.1 ఇస్తోంది. 14.4 దాటితే బ్యాటరీలో నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి గ్యాస్ వేగంగా లేస్తుంది. అంటే మా బ్యాటరీ రాత్రి ఆకలితో మాడి, పగలు ఉడికిపోతోంది. ఏ కంపెనీ బ్యాటరీ అయినా ఈ బతుకు ఎన్నాళ్లు బతుకుతుంది!

యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్సూ చూశాను. ఐదింట్లో 1.220 పైన ఉంది, ఒకదాంట్లో 1.150 దగ్గరే ఆగిపోయింది, అంటే ఆ సెల్ దెబ్బతిన్నట్టే. ప్లేట్ల పై అంచులు నీళ్ల బయటికి వచ్చేశాయి. మేనల్లుడు పాపం నీళ్లు పోస్తూనే ఉన్నాడు, కాకపోతే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ అయిపోయినప్పుడల్లా బోరు నీళ్లు పోశాడు. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎంత ఉంటుందో టీ కాస్తే తెలుస్తుంది. ఆ ఉప్పులోని క్లోరైడ్ లోపల పాజిటివ్ ప్లేటు గ్రిడ్‌ని తినేస్తుంది. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఫిల్టర్ నీళ్లు, ఎయిర్ కండిషనర్ నుంచి కారే నీళ్లు అంటూ రకరకాల సలహాలు వింటూ ఉంటాం, వాటి జోలికి పోవద్దు. ఇంకోటి, ప్లేట్లు మునిగి ఉంటే నీళ్లు ఛార్జింగ్ అయ్యాకే పోయాలి. ముందే నిండుగా పోస్తే ఛార్జ్ అయ్యేటప్పుడు యాసిడ్ పొంగి పైకి కారుతుంది.

కన్వర్టర్ మూత విప్పి చూశాను. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మీద వార్నిష్ నల్లగా మాడి ఉంది, గోరుతో గీస్తే పెచ్చులూడింది. అల్యూమినియం పలక మీది నాలుగు డయోడ్లలో ఒకదాని కింద మైకా ముక్క అంచు గోధుమ రంగుకి తిరిగింది. కెపాసిటర్ తల ఉబ్బిపోయింది. మూలల్లో ఇంకా క్వారీ బూడిద దుమ్ము ఉంది, దాని మీద కొత్తపట్నం ఉప్పుగాలి తేమ చేరి గట్టిగా పేరుకుపోయింది. మీటర్‌ని ఏసీ రేంజిలో పెట్టి డీసీ వైపు తాకిస్తే 0.7 వోల్టు చూపించింది. కెపాసిటర్ చచ్చిపోవడంతో ఏసీ అల అలాగే బయటికి వచ్చేస్తోంది. ఎల్ఈడీ లైట్లు వణికినట్టు వెలగడానికి కారణం అదే. ఆ అల బ్యాటరీని లోపల్నుంచి వేడెక్కిస్తుంది కూడా.

కెపాసిటర్ ఒక్కటి మార్చి సరిపెట్టుకోవచ్చు కదా అని ఒక స్నేహితుడన్నాడు. అల తగ్గుతుంది, నిజమే. 250కి 15 ఇచ్చే గుణం ఎక్కడికి పోతుంది? అందుకే మొత్తం మార్చాలనే నిర్ణయించుకున్నాను.

డల్లాస్‌లో ఉండే మా పెద్దబ్బాయి "అక్కడ ట్రైలర్లకి రెడీమేడ్ కన్వర్టర్లు బోలెడు దొరుకుతాయి నాన్నా, పంపిస్తాను" అన్నాడు. వద్దన్నాను. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడి ట్రైలర్ కన్వర్టర్లు చాలావరకు దానికే తయారు చేస్తారు. మన 230కి తగిలిస్తే పెట్టిన క్షణంలో పోతాయి. అక్కడ ఫ్యూజుల ప్యానెల్ కింద భాగంలోనే కన్వర్టర్ ఇమిడిపోయి ఉంటుంది. పాత బండ్లలో ప్యానెల్‌ని అలాగే ఉంచి కింది భాగం ఒక్కటే మార్చుకునేలా కిట్లు దొరుకుతాయట. సౌకర్యం బాగుంది, మనకి పొసగదు.

అక్కడి వీడియోలు చూసి ఇక్కడ పని చేసేవాళ్లకి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అమెరికా ట్రైలర్లలో డీసీ వైపు తెల్ల వైరు నెగటివ్, నల్ల వైరు పాజిటివ్‌గా వాడటం మామూలు. మనకి డీసీలో నలుపంటే నెగటివ్, ఎరుపు పాజిటివ్. ఆ వీడియో చూసి నల్ల వైరు పాజిటివ్‌కి బిగించారంటే బ్యాటరీ తలకిందులుగా కలిసినట్టే. కన్వర్టర్‌లో రివర్స్ పొలారిటీ ఫ్యూజులు ఉంటే అవి కొట్టేసి ఆగిపోతుంది. లేకపోతే కన్వర్టరే పోతుంది. ఎవరి బండి అయినా సరే, రంగు చూసి నమ్మొద్దు. మీటర్ పెట్టి చూసుకోండి.

సీసీ కెమెరాలకి వాడే 12 వోల్టుల పవర్ సప్లై చవకగా వస్తుంది, అది చాలదా అని భాయ్ అడిగాడు. అది లైట్లు వెలిగించడానికి బాగానే ఉంటుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే తెలివి దానికి లేదు. బ్యాటరీకి మూడు దశల్లో ఛార్జ్ కావాలి. మొదట ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా కరెంటు ఎక్కించాలి. 14.4కి చేరాక ఆ వోల్టేజి దగ్గరే నిలబెట్టి, కరెంటు తనంతట తాను తగ్గేదాకా ఆగాలి. నిండాక 13.5 ప్రాంతానికి దిగిపోయి అక్కడే ఊరికే కాపలా కాయాలి. రెండో దశ లేకపోతే బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ గడ్డకడుతుంది. మూడో దశ లేకపోతే నీళ్లు ఆవిరవుతూనే ఉంటాయి.

సైజు దగ్గర కూడా చాలామంది పెద్దదైతే మంచిదనుకుంటారు. మాది 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ సామర్థ్యానికి కొలత) ట్యూబ్యులర్. దానికి పదో వంతు, అంటే 15 ఆంపియర్లు హాయిగా పడుతుంది. లైట్లు, ఫ్యాన్లు, పంపు కలిసి లాగేది 10 దాటదు. రెండూ కలిపి 25, దానికి కాస్త పైన 30 ఆంపియర్లది తీసుకున్నాను. లోడ్ ఏమీ లేనప్పుడు 30కి 30 బ్యాటరీకే పోయినా అది ఐదో వంతే, తట్టుకుంటుంది. 60ది కొని ఈ ఒక్క బ్యాటరీకి పెడితే అది మళ్లీ బ్యాటరీకే చేటు. నేను తెచ్చింది ఎస్ఎంపీఎస్ రకం, అంటే వోల్టేజిని ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో అదుపు చేసేది. 90 నుంచి 264 వోల్టుల దాకా ఏసీ ఎంతొచ్చినా బయటికి ఒకే వోల్టేజి ఇస్తుంది. మా లైనుకి కావాల్సిన గుణం అదే, అది చూసే ఎంచుకున్నాను.

ఇక పని. ముందు బయటి ప్లగ్గు పీకేశాను. తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పాను, ఆ తర్వాతే పాజిటివ్. నెగటివ్ చాసీకి కలిసి ఉంటుంది కాబట్టి పాజిటివ్ ముందు విప్పితే పానా జారి చాసీకి తగిలిందంటే అక్కడే వెల్డింగ్ అయిపోతుంది. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది, పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. పాత కన్వర్టర్ వైర్లు విప్పకముందే ప్రతి దానికీ టేపు చుట్టి పెన్నుతో పేరు రాసుకున్నాను. ఫోన్‌లో ఫొటోలు తీస్తే చాలు అంటారు గానీ, క్వారీ ట్రైలర్‌లో అన్నీ ఒకే రంగు వైర్లు, ఫొటోలో ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

పాతది వెనక వైపు మంచం కింద, కరెంటు లోపలికొచ్చే సాకెట్ దగ్గర ఉండేది. బ్యాటరీ ముందు వైపు మంచం కింద పెట్టెలో. మధ్యలో నాలుగు మీటర్లు. వైరు 6 స్క్వేర్ ఎంఎం. చూడ్డానికి లావుగానే ఉంటుంది, లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఆ వైరుకి మీటరుకి సుమారు 3.3 మిల్లీ ఓములు. వెళ్లి రావడానికి 8 మీటర్లు. 30 ఆంపియర్లు పోతుంటే వైర్లోనే 0.8 వోల్టు మింగేస్తుంది. కన్వర్టర్ 14.4 ఇచ్చాననుకుంటుంది, బ్యాటరీకి చేరేది 13.6. ఇక బ్యాటరీ నిండడానికి ఎంత సేపు పట్టాలి! అందుకే కొత్తదాన్ని ముందుకు తెచ్చి, బ్యాటరీ పెట్టెకి అవతలి వైపు ప్లైవుడ్ గోడకి బిగించాను. మీటరు దూరం, 10 స్క్వేర్ ఎంఎం వైరు. ఇప్పుడు పోయేది 0.1 వోల్టు. ఏసీ వైరు ఎంత పొడుగు లాగినా మనకి నష్టం లేదు, అందులో పోయేది మూడు ఆంపియర్లకి మించదు. డీసీ వైరు మాత్రం పొట్టిగా, లావుగా ఉండాలి. పాత బండ్లలో కన్వర్టర్ మార్చేవాళ్లు నూటికి తొంభై మంది పాత వైర్లకే కొత్త పెట్టె తగిలిస్తారు. సగం లాభం అక్కడే పోతుంది.

దగ్గర పెట్టాం కదా అని బ్యాటరీ పెట్టె లోపలే కన్వర్టర్ పెట్టకూడదు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. యాసిడ్ ఆవిరి సర్క్యూట్‌ని తినేస్తుంది కూడా. మధ్యలో గోడ ఉండాలి, బ్యాటరీ పెట్టెకి పైనా కిందా బయటికి గాలి రంధ్రాలు ఉండాలి.

బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. కన్వర్టర్ వైపు పెడితే చాలదా అని మేనల్లుడు అడిగాడు. వైరు మధ్యలో ఎక్కడైనా చాసీకి రాసుకుని ఒరిసిపోయిందనుకుందాం, మంట పెట్టే కరెంటు బ్యాటరీ నుంచే వస్తుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కన లేకపోతే ఆ వైరుని ఆపేవాడే ఉండడు. వైరు చివర బిగించే లగ్గులు సుత్తితో కొట్టి నొక్కకుండా హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ అద్దెకి తెచ్చి నొక్కాను. వైరు కూడా తగరం పూత ఉన్న రాగి వైరే తీసుకున్నాను. సముద్రం దగ్గర మామూలు రాగి తీగ ఇన్సులేషన్ లోపలి దాకా పచ్చగా చిలుము పట్టిపోతుంది. బిగించాక లగ్గుల మీద వాజలీన్ పూశాను.

మన ఎండల మాట చెప్పకపోతే ఈ రాత సగమే అవుతుంది. పెట్టె మీద రాసి ఉండే 14.4, 13.5 లాంటి అంకెలన్నీ 25 డిగ్రీల వేడికి చెప్పినవి. మే నెలలో ఆ ఇనప పెట్టె లోపల 45 ఎప్పుడూ ఉంటుంది. బ్యాటరీ వేడెక్కేకొద్దీ వోల్టేజి తగ్గించుకుంటూ పోవాలి, డిగ్రీకి సెల్‌కి 3 మిల్లీ వోల్టుల చొప్పున. ఆరు సెల్స్, ఇరవై డిగ్రీలు. లెక్కకి 0.36 వోల్టు. అంటే నడివేసవిలో 14.4 బదులు 14.04, 13.5 బదులు 13.14 ఉండాలి. ఆ తేడా చేతికి కనపడదు గానీ, నెలకి ఎన్ని నీళ్లు తాగుతుందో దాన్ని బట్టే ఉంటుంది. కొత్త కన్వర్టర్‌తో వైరు చివర చిన్న టెంపరేచర్ సెన్సర్ ఇచ్చారు. చాలామంది దాన్ని అట్టపెట్టెలోనే వదిలేస్తారు. నేను బ్యాటరీ పక్క గోడకి, నీళ్ల మట్టానికి కిందుగా, టేపుతో అంటించి పైన థర్మాకోల్ ముక్క అదిమాను. అప్పుడది బయటి గాలి వేడి కాకుండా బ్యాటరీ వేడినే చదువుతుంది. సెన్సర్ లేని కన్వర్టర్ అయితే మార్చి నుంచి జూన్ దాకా వోల్టేజిని చేత్తో తగ్గించుకోండి. పది డిగ్రీల వేడి పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సగం పడిపోతుందని ఒక లెక్క ఉంది. దాని మీద అదనపు వోల్టేజి కూడా రుద్దితే ఇంకేం మిగులుతుంది?

దెబ్బతిన్న పాత బ్యాటరీని కూడా మార్చేశాను. కొత్త బ్యాటరీతో ఇప్పుడు పరిస్థితి బాగుంది. రాత్రి లైను 185కి పడినా బ్యాటరీ దగ్గర 13.5 కదలదు. లైట్ల వణుకు పోయింది, మీటర్‌లో ఏసీ అల వోల్టులో పదో వంతుకి కూడా రావడం లేదు. పాతదాని బుర్రుమనే మోత లేదు. మంచం కింద వాసన లేదు, మా ఆవిడ పక్కబట్టలు మళ్లీ అక్కడే సర్దుతోంది.

ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఎర్తింగ్ మీద. ట్రైలర్ మొత్తం ఇనుము. దాని పక్కన మనిషి ఉప్పునీళ్లలో తడిసిన కాళ్లతో నిలబడతాడు. లోపల ఫేజు వైరు ఒక్కచోట ఒరిసి చాసీకి తగిలిందంటే, తలుపు గడియ పట్టుకున్నవాడు అక్కడే పోతాడు. గుంటల మీద షాక్ కొట్టి పోయిన పిల్లల గురించి మన ఊళ్లలో విననివాళ్లు లేరు. పాత ట్రైలర్‌లో ఎర్త్ వైరు సాకెట్ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దాన్ని చాసీకి బోల్టు వేసి కలిపాను, పెయింటు గీకి ఇనుము కనపడేదాకా శుభ్రం చేసి మరీ. గట్టు మీద రాగి పూత ఉన్న ఎర్త్ రాడ్డు దిగగొట్టాను, ఉత్త ఇనప రాడ్డు అయితే ఆ ఉప్పు మట్టిలో తొందరగా తుప్పు పట్టి పోతుంది. లోపలికి వచ్చే లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాను, కరెంటు పక్కకి లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్ అది. ఎంసీబీ ఉంది కదా అనుకోకండి. మితిమీరి కరెంటు పోతే పడిపోయే ఆ స్విచ్ వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. నెలకోసారి దాని మీద టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూడాలి, ఉప్పుగాలికి లోపలి మీట బిగుసుకుపోవచ్చు.

మేనల్లుడు ఇది చూశాక ఏరేటర్ స్టార్టర్ బోర్డులకి కూడా ఆర్‌సీసీబీలు పెట్టిద్దామంటున్నాడు. ఆదివారం సామాన్లకి ఒంగోలు వస్తున్నాడు. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ కాబట్టి నాలుగు పోల్స్‌వి తీసుకోవాలి. అన్ని మోటార్లకీ కలిపి ఒకటే పెడితే ఒక పాత కేబుల్ లీకేజీకి గుంటలన్నీ ఆగిపోతాయి, రొయ్య తేలిపోతుంది, మర్నాడు కోపంతో వాడే దాన్ని పీకి అవతల పారేస్తాడు. బోర్డుకొకటి చొప్పున పెట్టి, ముందు ఆ నీళ్లలో నానుతున్న జాయింట్లన్నీ మార్చాలి.